పేద పిల్లల చదువుకు సాయం: ఎక్కడ ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నానని, నెలకు కొంత డబ్బు పక్కన పెట్టగలనని రాశారు. ఆఫ్రికాలో ఒక బిడ్డను చదివించాలా, లేక సొంత జిల్లా పిల్లలకే ఇవ్వాలా అని అడిగారు. నేను కొన్నేళ్లు కెన్యా రాజధాని నైరోబీలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆదోని దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. రెండు చోట్లా పిల్లల చదువుల వ్యవహారంలో కల్పించుకున్నవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. ఏ దేశమైనా సరే, ఫలానా బిడ్డ చదువు ఏ నెలలో, ఎందుకు ఆగబోతోందో మీకు ముందుగా చెప్పగల మనిషి ఎక్కడ ఉంటే అక్కడ ఇవ్వండి.

కెన్యాలో 2003లో ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తేశారు. ఆ ఏడే పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడిలో చేరారు. మరుసటి ఏడాది కిమానీ మారుగే అనే 84 ఏళ్ల తాత కూడా వెళ్లి ఒకటో తరగతిలో కూర్చున్నాడు. ఫీజు ఎందరిని గడప బయటే ఆపిందో అప్పుడు లోకానికి తెలిసింది. నేను ఉన్న రోజుల్లో మాత్రం అసలు చిక్కు ఎనిమిదో తరగతి దాటాక వచ్చేది. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు హైస్కూలు నుంచి పిలుపు ఉత్తరం వచ్చేది. వాటిలో చాలావరకు హాస్టల్ బడులే. ఉత్తరంతో పాటు ఒక జాబితా ఉండేది: తాళం వేసుకునే రేకుపెట్టె, పరుపు, దుప్పట్లు, యూనిఫారం, స్వెట్టరు, బూట్లు, బకెట్టు, నిఘంటువు, ఆఖరున మొదటి టర్ము ఫీజు కట్టిన బ్యాంకు రసీదు.

మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడ తన కూతురికి వచ్చిన జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పెట్టె, పరుపు కొంటే ఫీజుకు మిగలదు. ఫీజు కడితే పిల్ల ఒట్టి చేతులతో వెళ్లాలి. అక్కడ హరాంబీ అనే మంచి ఆచారం ఉంది. తలా ఒక చెయ్యి వేసి పని నెరవేర్చడం అన్నమాట. ఎన్నో పల్లెల్లో జనం తమ హైస్కూళ్లను ఇలాగే కట్టుకున్నారు. ఆఫీసులో ఒక చందాల కార్డు చేతులు మారింది, ఎవరికి తోచినంత వాళ్లు రాశారు. ఫీజు నేరుగా బడి బ్యాంకు ఖాతాలో జమ చేశాం, సామాన్లు ఆవిడతో కలిసి వెళ్లి కొన్నాం. కథ అంతటితో అయిపోలేదు. ఫీజు బాకీ పడితే పిల్లలను టర్ము మధ్యలో ఇంటికి పంపేస్తారు, డబ్బు తెచ్చుకునేదాకా పాఠాలు పోతాయి. అందుకని ప్రతి టర్ము మొదటి వారంలోనే కట్టేటట్టు చూసుకున్నాం. డిసెంబరులో పంపే పెద్ద చెక్కు కన్నా ఆ వారంలో అందే చిన్న మొత్తమే పిల్లను తరగతిలో కూర్చోబెడుతుంది.

ఇక మన దగ్గరికి వస్తే ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉన్నాయి. అయినా మా ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల్లో సంక్రాంతి దాటాక తరగతి గదులు పలచబడతాయి. అన్నీ వానమీద ఆధారపడిన పొలాలు. పత్తి అయిపోయిందంటే ఊళ్లో పని లేదు. ఇళ్లకు తాళాలు వేసి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతాయి. దీన్నే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. అక్కడ కూలి ఏరిన కాయల తూకాన్ని బట్టి ఇస్తారు కాబట్టి పదేళ్ల పిల్ల చేతులకూ విలువ కడతారు. ఆ పిల్ల తిరిగి వచ్చేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. రెండేళ్లు ఇలా జరిగితే మూడో ఏడు బడి గుర్తుకు రాదు.

ప్రభుత్వం ఈ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. వాటిని కుటుంబాలు బయలుదేరక ముందే తెరవాలి. బస్సెక్కాక తెరిస్తే ఎవరికీ అక్కరకు రావు. మా ఊళ్లో ఒక తల్లిని, పిల్లను వదిలి వెళ్లమని బతిమాలినప్పుడు ఆమె అన్నం సంగతి గానీ డబ్బు సంగతి గానీ ఎత్తలేదు. "రాత్రిపూట పిల్ల ఎక్కడ పడుకుంటుంది సార్?" అని ఒక్క మాట అడిగింది. ఊళ్లో అందరికీ నమ్మకమున్న ఒక పెద్దావిడ రాత్రిళ్లు ఆడపిల్లలకు తోడుగా పడుకోవడానికి ఒప్పుకున్నాక ఆ తల్లి, ఆమెను చూసి మరికొందరు, పిల్లలను వదిలి వెళ్లారు. ఆ పెద్దావిడకు మూడు నెలలు ఇచ్చే జీతం, అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు రాత్రి భోజనానికి బియ్యం, పప్పు, నూనె. మాకు అయిన ఖర్చంతా ఇదే. ఇలాంటిదానికి దాతలు దొరకడం కష్టం. ఫొటో తీయడానికి భవనం ఉండదు, గోడమీద పేరు ఉండదు. కానీ నన్నడిగితే మీ డబ్బుకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

పిల్లల కూలి లేకపోతే ఇల్లు గడవదని, తల్లిదండ్రులు ఒప్పుకోరని చాలామంది అంటారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చేసిన పని చూస్తే ఆ మాట నిలవదు. పనికి పోయే పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడుల్లో చేర్చారు. నిరుపేద తల్లిదండ్రులే కూలి వదులుకొని పిల్లలను పంపారు. ఆ కృషికి ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం దక్కింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఈ పిల్లల పక్షానే ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డను టీసీ లేదని తిప్పిపంపడానికి వీల్లేదు, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. సుగ్గికి పోయినచోట కూడా ఈ హక్కు అడగవచ్చు.

డబ్బు కన్నా మనిషి అవసరమైన పని ఇంకొకటి ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే జాతీయ ఉపకార వేతన పరీక్ష రాయవచ్చు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలు అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి, అంటే నాలుగేళ్లకు 48,000. పిల్ల ఇంటర్‌కు వెళ్తుందా, పెళ్లిపీటలెక్కుతుందా అని ఇంట్లో తేల్చుకునే రోజున ఆ డబ్బు గట్టిగా మాట్లాడుతుంది. కానీ తెలివైన పిల్లలు కూడా కాగితాల దగ్గర జారిపోతారు. బడి రిజిస్టరులో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంటుంది. దిద్దించాలంటే తండ్రి కూలి మానుకొని మండలానికి తిరగాలి. ఆదాయ ధ్రువపత్రానికి మరో రోజు పోతుంది. ఎంపికయ్యాక పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయకపోతే డబ్బు ఆగిపోతుంది. ఊళ్లో డిగ్రీ చదివిన కుర్రాడు ఒకడు వీటి వెంట తిరిగితే చాలు. అతని బస్సు చార్జీలు, చిన్న జీతం మీరు భరించండి.

మన దేశంలో ఎవరికి పంపినా చట్టం సంగతి చూసుకోండి. మీది భారత పాస్‌పోర్టు అయితే మీ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఎఫ్.సి.ఆర్.ఎ. అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే పంపాలి. ఇంకొక మనవి. పిల్లల ఫొటోలు, కృతజ్ఞతా పత్రాలు అడగకండి. హాజరు పట్టీ అడగండి, జనవరి నుంచి మార్చి దాకా ఎవరు ఎన్ని రోజులు వచ్చారో అందులో తెలిసిపోతుంది.

మీది ఏ మండలమో కింద రాయండి. మా వైపే అయితే పత్తి తీతలు ముగిసేలోపు ఏ బడిలో ఎంతమంది పిల్లలు సుగ్గికి పోయేలా ఉన్నారో ప్రధానోపాధ్యాయులను అడిగి చెబుతాను.