వైద్య విద్యార్థి, దేశం మీద ఆశ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీటు వచ్చినప్పుడు మా ఊరి హైస్కూలులో సన్మానం చేసి మాట్లాడమంటే, డాక్టరునై దేశానికి సేవ చేస్తానని చెప్పాను. ఇప్పుడు రికార్డులు, ఇంటర్నల్స్, వైవాలు, హాజరు శాతం తప్ప మరో ధ్యాస లేదు. సీనియర్లు వార్డులో నిలబడి కూడా ఫోన్లలో నీట్ పీజీ ప్రవేశ పరీక్ష బిట్లు చేసుకుంటున్నారు. చదువులో భాగంగా మాకు అప్పగించిన దత్తత కుటుంబాల ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, ఎత్తు బరువులు రాసుకొని వస్తున్నాం. దానివల్ల వాళ్లకేమి ఒరిగిందో అర్థం కావడం లేదు. ఆ రోజు నేను చెప్పింది ఉత్త మాటేనా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: ముందు చదువు సంగతి. రెండో సంవత్సరంలో పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ మూడూ ఒక్కసారే మీద పడతాయి కాబట్టి, ఆ భారంలో దేశం గుర్తుకు రాకపోతే నొచ్చుకోవలసిన పని లేదు. పీజీ కోసం తాపత్రయపడే సీనియర్లను కూడా నేను తప్పుపట్టను. స్పెషలిస్టులు లేనిదే బోధనాసుపత్రికి ఒక్క రాత్రి గడవదు. అయితే రోగి ఎదురుగా ఉండగా ఫోనులో బిట్లు చేయడం మాత్రం, మర్యాద మాట అటుంచి, చదువు లెక్కన చూసినా నష్టమే.

కుటుంబాల దత్తత 2021-22 బ్యాచ్ నుంచి పాఠ్యక్రమంలో చేరింది గానీ, ఆ ఆలోచన పాతదే. వైద్య విద్యార్థికి నివారణ, సామాజిక వైద్యంలో 3 నెలల శిక్షణ ఉండాలని, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే సూచించింది. ఆ తర్వాత పదేళ్లకు, 1956లో, కర్నూలు వైద్య కళాశాల ఏర్పడింది; రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిందీ ఆ ఏడాదే. (పోయిన రాజధానిని తలుచుకున్నంతగా మనవాళ్లు వచ్చిన కళాశాలను తలుచుకోరు. పల్లెలకు ఏది ఎక్కువ అక్కరకు వచ్చిందని అడిగితే, జవాబుకు నేను తడుముకోను.)

ఇక మీ అనుమానం విషయానికి వస్తే, కొలతలు రాసుకోవడంతోనే ఆగితే ఆ ఇంటికి ఒరిగేది ఏమీ లేదన్న మాట నిజమే. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్నలున్నాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి పంట చేతికి రాని సంవత్సరాల్లో వేలాది మంది పత్తి తీతకు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోతారని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఇంట్లో ఒకరికి కళ్లె పరీక్షలో క్షయ తేలిందనుకోండి. మామూలు క్షయకు చికిత్స 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి 4 నెలలు మూడు రకాలు. ఒకటి రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లోకి సత్తువ వస్తుంది. సరిగ్గా అప్పుడే కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ లారీ మాట్లాడుకొని వస్తాడు. అడ్వాన్సు అప్పటికే ఖర్చయి ఉంటుంది కాబట్టి పోకుండా ఉండటం ఆ మనిషి చేతిలో లేదు. మందులు ఆగిపోతాయి, జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం కూడా ఉంటుంది.

కేసు షీటులో వృత్తి అన్న చోట 'కూలి' అని రాసి వదిలేస్తే ఇదేదీ కనిపించదు. 'సుగ్గికి ఎప్పుడు పోతారు, ఏ ఊరికి, ఇంట్లో ఎవరెవరు పోతారు?' అని మీరు అడిగితే కనిపిస్తుంది. క్షయ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ నిక్షయ్‌లో నమోదైన రోగి వేరే జిల్లాకు వెళ్లినప్పుడు కేసును అక్కడికి బదిలీ చేసి, దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే మందులు ఇప్పించే వీలుంది; ఆ సంగతి రోగికి చెప్పేవారు కావాలి, ఆశా కార్యకర్తకు ముందుగా కబురు అందాలి. పోషకాహారం కోసం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000కి పెంచారు. అది ఖాతాలో పడుతోందో లేదో కనుక్కోవడానికి ఎంబీబీఎస్ పట్టా అక్కరలేదు, రెండో సంవత్సరం విద్యార్థిని చాలు. ఆ ఇంట్లో గర్భిణి ఉంటే, పసిబిడ్డ ఉంటే, తల్లీబిడ్డల కార్డు మూటలో పెట్టుకొని పోతున్నారా లేదా అన్నది కూడా ఇటువంటిదే.

దేశం ఇదివరకు సాధించినవి కూడా ఈ దారినే వచ్చాయి. 2014 మార్చిలో మనకు పోలియో రహిత గుర్తింపు వచ్చిందంటే, చుక్కల మందు పెట్టె భుజాన వేసుకొని, ఇటుక బట్టీలకూ బస్టాండ్లకూ వెళ్లి పిల్లలను వెదికిన వాళ్ల వల్లనే వచ్చింది. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ తేడా వెనుక పెద్ద సర్జన్ల కంటే ఏఎన్ఎం రిజిస్టరు, ఐరన్ మాత్ర, 108 వాహనం, ఆసుపత్రి కాన్పు ఎక్కువగా ఉన్నాయని నా అభిప్రాయం. మీరు వేదిక మీద చెప్పిన మాటకు కొలత కావాలంటే, మీ దత్తత కుటుంబాలలో మందు మధ్యలో ఆపినవారు ఎందరో ఏటా రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫైనలియర్. హౌస్ సర్జన్సీ కాగానే పల్లె ఆసుపత్రిలో పనిచేస్తానంటున్నాడు. పీజీ చేజారిపోతుందేమోనని మా భయం.
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ భయంలో అర్థముంది, అబ్బాయి మాటలో ఇంకా ఎక్కువ ఉంది. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అంతమందికి మొదటి డాక్టరుగా కూర్చున్నవాడికి పాముకాటు, కాన్పు, షుగరు, పురుగుమందు తాగిన కేసు అన్నీ ఎదురవుతాయి. మీ జిల్లాలోనే ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లను చూడకుండా, ఆ పాఠాన్ని పుస్తకంలో చదివి పరీక్ష రాయడం ఏమి చదువు? ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారికి పీజీలో కోటా ఉంది. అయితే నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, ఆ సంవత్సరపు నోటిఫికేషన్ చూసుకొని నిర్ణయం తీసుకోండి. ముందుగా హౌస్ సర్జన్సీలో సామాజిక వైద్యానికి కేటాయించిన 12 వారాలు అబ్బాయిని సంతకాలతో సరిపెట్టకుండా నిజంగా పల్లెలో గడపమనండి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే అడ్డు చెప్పకండి.

ప్రశ్న: దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. మన నంద్యాలలో కూడా 2023లో కళాశాల వచ్చింది. వైద్యరంగం బాగుపడినట్లేనా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సీట్లు పెరగడం మంచిదే, సీమ పిల్లలకు ఇంటికి దగ్గరలో చదువు దొరికింది, రోగులకు ఊరి దగ్గరే పెద్దాసుపత్రి దొరికింది. అయితే కళాశాలను సీట్ల సంఖ్యతో కాక, అర్ధరాత్రి క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ పక్కన అనుభవమున్న డాక్టరు ఉన్నారా, అనాటమీ విభాగంలో బోధకుల పోస్టులు భర్తీ అయ్యాయా, రక్తనిధిలో రక్తం ఉందా అన్న ప్రశ్నలతో చూడాలి. మీ దగ్గరి బోధనాసుపత్రి విషయంలో ఈ మూడింటినీ సమాచార హక్కు దరఖాస్తు ద్వారా మీరే అడగవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు.