అమ్మను గుడికి తీసుకెళ్తే నా క్రైస్తవ సాక్ష్యం పోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. నా వయసు 38. కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడుపుతున్నాను. ఆరేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. అంతకుముందు బాగా తాగేవాణ్ణి, ఇప్పుడు ముట్టను. ఇంట్లో నేనూ నా భార్యే విశ్వాసులం. పక్కింట్లోనే ఉన్న అమ్మ, తమ్ముడు పాత దారిలోనే ఉన్నారు. అమ్మకు కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. సోమ, బుధ, శుక్రవారాలు తమ్ముడే పలాస తీసుకెళ్తాడు. చర్చిలో బుధవారం కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటాయి కాబట్టి నాకు కుదరదు. పోయినేడు అమ్మవారి సంబరానికి, గుడి దాకా బండి మీద దింపమని అమ్మ అడిగింది. రానన్నాను. విగ్రహాలకు మొక్కడం వల్లే నీకీ జబ్బు వచ్చిందని కూడా అన్నాను. అప్పటి నుంచి తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. తిత్లీ తుఫానుకు మా ఇంటి పైకప్పు ఎగిరిపోయినప్పుడు వాడు ఇచ్చిన 60 వేలు ఇంకా బాకీ ఉంది. వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు. చర్చికి ఇచ్చే దశమభాగం (సంపాదనలో పదో వంతు) మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో రోజూ వాక్యం పెడతాను, ఎవరూ పలకరు. నా భార్య రోజూ అమ్మకు కూర వండి ఇచ్చి వస్తుంది గానీ ప్రభువు గురించి సాక్ష్యం ఒక్క ముక్క చెప్పదు. పైగా కూరగాయ ముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలంటూ సాయంత్రం ప్రార్థనకు ఆలస్యం చేస్తుంది. అమ్మేమో "నీ దేవుడు మంచోడేరా, నీకే మా మీద జాలి నేదు" అంటోంది. మీరు లోకానికి వెలుగై ఉన్నారని ప్రభువు అన్నాడు కదా. ఇలాంటి ఇంట్లో నేను వెలుగుగా ఎలా ఉండాలి? ఈ ఏడు సంబరానికి ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. రెండోసారి చదివితే తగ్గింది. తాగుడు మాని ఆరేళ్లు నిలబడటం ఆషామాషీ కాదు. అమ్మ అన్న మాటను దాచుకోకుండా ఉన్నదున్నట్టు రాశారు, అదీ నచ్చింది. అందుకే నేను కూడా దాపరికం లేకుండా రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో చర్చి పక్క వీధిలో పెరిగినదాన్ని. మా నాన్న సంఘ పెద్ద. ఆదివారం ఉదయం ఆయన ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. అదే మధ్యాహ్నం పులుసులో ఉప్పు తక్కువైందని కంచం గోడకేసి కొట్టేవారు. గోడ మీద ఆ చింతపండు మరక చాలా ఏళ్లు ఉండిపోయింది. సున్నం వేసినా లీలగా కనిపించేది. నేను మళ్లీ చర్చి మెట్లెక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మీరు కంచాలు విసురుతున్నారని కాదు. బయటివాళ్లు మన ప్రార్థన వింటారు, ఇంట్లోవాళ్లకు గోడ కూడా కనిపిస్తుంది.

ముందు సంబరం సంగతి చూద్దాం, మీ టెన్షన్ అంతా దాని గురించే ఉన్నట్టుంది. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం మీరు చదివే ఉంటారు. సిరియా సేనాధిపతి నయమాను అనగానే అందరికీ కుష్ఠు పోవడానికి యొర్దానులో వేసిన ఏడు మునకలే గుర్తొస్తాయి. ఆ తర్వాత జరిగింది ఎవరూ పెద్దగా చెప్పరు. కుష్ఠు పోయాక ఆయన ప్రవక్త ఎలీషాను ఒక సందేహం అడుగుతాడు. ఇకమీదట యెహోవాకు తప్ప వేరే దేవుళ్లకు బలి అర్పించనంటూనే, మా రాజు రిమ్మోను అనే దేవుడి గుడికి మొక్కడానికి వెళ్లినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేను కూడా వంగాల్సి వస్తుంది, దాన్ని దేవుడు క్షమిస్తాడా అంటాడు. ఎలీషా తిట్టలేదు, పాఠం చెప్పలేదు. నెమ్మదిగల మనసుతో వెళ్లమని పంపించాడు.

రాజు ఆనుకోవడానికే చెయ్యి ఇవ్వగలిగితే, కన్నతల్లికి ఇవ్వడానికి ఏం అడ్డం? ఆవిడ మిమ్మల్ని మొక్కమనలేదు, కొబ్బరికాయ కొట్టమనలేదు. నడవలేను, దింపమంది. మీ పాస్టరుగారు దీన్ని వేరే విధంగా చెప్పొచ్చు, ఆయనతో మాట్లాడండి. లోపలికి రావడానికి మనసు ఒప్పుకోకపోతే గుడి బయట బండి దగ్గరే నిలబడండి, తప్పులేదు. ఆ సంగతి ఇంట్లోనే నెమ్మదిగా అమ్మకు చెప్పండి, జనంలో కాదు. బండి దించేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) వేసిన చెయ్యి కాకుండా రెండో చెయ్యి పట్టుకోండి. ఫిస్టులా ఉన్న చేతి మీద బరువు పడకూడదు. మీ తమ్ముడికి ఇది తెలిసే ఉంటుంది, మీకు తెలుసో లేదో.

ఇప్పుడు జబ్బు గురించి మీరన్న మాట. ఇది మాత్రం మెత్తగా చెప్పలేను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేస్తే ఇలా పుట్టాడని శిష్యులు అడిగారు. వీడూ కాదు, వీడి అమ్మానాన్నలూ కాదు అన్నాడు యేసు. యోహాను 9లోనే ఉంది. ఆయన అననిది మీరు అమ్మను అన్నారు. మీ ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలోనైనా అడిగి చూడండి, గుడికి వెళ్లే ఇంటినీ చర్చికి వెళ్లే ఇంటినీ ఈ జబ్బు ఒకేలా పట్టింది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగు మందులా అని ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డాక్టర్లు తేల్చలేనిది మీరు గుమ్మంలో నిలబడి తేల్చేశారు. వెళ్లి "తప్పయిందమ్మా" అనండి. దాని వెనకాల "కానీ" అని తగిలించొద్దు. ఆవిడ కోసం ఎంతైనా ప్రార్థన చేయండి, డయాలసిస్ మానేయమని మాత్రం పొరపాటున కూడా అనకండి. ప్రాణం మీదికి వస్తుంది.

ఇక వెలుగు సంగతి. మత్తయి 5వ అధ్యాయంలో ఆ వాక్యం తర్వాత వచ్చేది మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దీపం వెలిగించి కుంచం కింద పెట్టరు, దీపస్తంభం మీద పెడతారు, అది ఇంట ఉండేవాళ్లందరికీ వెలుగిస్తుంది. చూశారా, లోకం అన్నాడు, కొండ మీద పట్టణం అన్నాడు, చివరికి ఇంట్లోకే వచ్చాడు. కుంచం అనే మాట మీ వయసువాళ్లకు ఆ వచనంలోనే పరిచయం అయ్యుంటుంది. మా అమ్మమ్మ ఇంట్లో నిజంగానే ఒకటి ఉండేది. నాలుగు మానికలు ఒక కుంచం. ధాన్యం బదులుకు వచ్చినవాళ్లకు దాంతోనే కొలిచి ఇచ్చేది, కోతలయ్యాక దాంతోనే కొలిచి తీసుకునేది. ఊళ్లో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ దాంతోనే జరిగేవి. ఆ వచనం ఎప్పుడు విన్నా నాకు ఆవిడ కుంచమే కళ్ల ముందుకు వస్తుంది. మీ దీపం దేని కింద ఉందని అడిగితే, ఆ 60 వేల కింద ఉందంటాను.

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చింది. మీ పైకప్పు పోయిన పూటే ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మీ తమ్ముడికి తోట ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా, ఊరంతా అప్పు కోసం చూస్తున్న ఏడు, అప్పటికి తాగుతూ తిరుగుతున్న అన్న చేతిలో అతను 60 వేలు పెట్టాడు. బాప్తిస్మం అయ్యాక మీరు నెలనెలా దశమభాగం ఇస్తున్నారు, తమ్ముడికి ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. అతను అడగడం లేదంటే మరిచిపోయాడని అనుకోకండి. మార్కు 7లో కొర్బాను అనే మాట వస్తుంది. నా వల్ల నీకు అందాల్సింది దేవుడికి ఇచ్చేశానని తల్లిదండ్రులతో చెప్పి తప్పుకునేవాళ్లను యేసు అక్కడ గట్టిగానే మందలించాడు. కానుకలు ఇవ్వొద్దని నేననడం లేదు. ఈ నెల నుంచి తమ్ముడికి రెండు వేలైనా మూడు వేలైనా మొదలుపెట్టండి. ఫోన్‌పే చేసి ఊరుకోవద్దు, చేతికి ఇవ్వండి. వద్దంటాడు. అయినా ఇవ్వండి.

వాట్సాప్ గ్రూపుకు కొన్ని నెలలు సెలవివ్వండి. "మీ సత్క్రియలను చూచి" అని ఉంది, ఫార్వర్డులు చూచి అని లేదు.

మీరు ఫిర్యాదుగా రాసిన ఒక సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కూరగాయల్లోని పొటాషియం ఒంట్లో ఎక్కువైతే ప్రమాదం. ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే అది తగ్గుతుంది. కొబ్బరి నీళ్లు వద్దనేదీ అందుకే. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అది ఎంత పెద్ద శిక్షో ఆలోచించండి. మీ భార్య ఎవరినో అడిగి ఈ పద్ధతి తెలుసుకుంది, రోజూ గంటసేపు పొయ్యి దగ్గర నిలబడుతోంది, సాక్ష్యం చెప్పడం లేదని మీ చేత మాటలు పడుతోంది. అమ్మ "నీకే జాలి నేదు" అన్నప్పుడు ఆ "నీకే"లో మీ భార్యను లెక్కలోకి తీసుకోలేదు, గమనించారా? "నీ దేవుడు మంచోడే" అనే నమ్మకం ఆవిడకు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? సాయంత్రం ప్రార్థన అరగంట వెనక్కి జరపండి. ముక్కలు మీరు కోసి ఇస్తే అంత ఆలస్యం కూడా కాదు.

ఇక పలాస. బుధ, శుక్రవారాలు మీటింగులు ఉన్నాయన్నారు, మరి సోమవారం ఏమైంది? షాపు మీ సొంతమే, ఒక పూట ఆలస్యంగా తీయొచ్చు. వారానికి మూడు దఫాల్లో ఒకటి మీరు తీసుకోండి, మిగతావి తర్వాత చూద్దాం. మిషన్ మీద నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ పక్కనే ఉండండి. అక్కడ పడుకున్నవాళ్లు సూదులతో కదల్లేని స్థితిలో ఉంటారు, వాళ్లకు కరపత్రాలు పంచొద్దు, లేచి వెళ్లిపోలేని మనిషికి ప్రసంగం చేయకూడదు. అమ్మ రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టర్ని అడిగి రాసుకోండి. దాహం అంటుంది, ఆ లెక్కలోనే ఒక్కో గుక్క ఇవ్వండి. పాట పాడమని ఆవిడే అడిగితే పాడండి.

మొదటి సోమవారం మీరొక్కరే వెళ్లకండి. ఏ కాగితం ఎవరికి చూపించాలి, ఏ నర్సు సూది నొప్పి లేకుండా గుచ్చుతుంది, తిరిగొచ్చేటప్పుడు అమ్మకు ఎక్కడ కళ్లు తిరుగుతాయి, ఇవన్నీ తెలిసింది మీ తమ్ముడికే. ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, రేపు ఎన్నింటికి బయలుదేరాలని అడగండి.