ఖనిజం దొరికిందని కంపెనీ ప్రకటిస్తే షేరు కొన్నవాళ్లకు లాభమేనా?

కాదు, అన్వేషణ దశలో ఉన్న కంపెనీ నిక్షేపం దొరికిందని చెప్పినంత మాత్రాన షేరు కొన్నవాళ్లకు లాభం ఖాయం కాదు. భూమిలో ఖనిజం ఉండటం వేరు, ఖర్చులు పోను ఏమైనా మిగిలేలా దాన్ని తవ్వితీయడం వేరు. మొదటిది రిసోర్స్ (వనరు), రెండోది రిజర్వ్. మధ్యలో మరిన్ని బోర్లు, ల్యాబ్ పరీక్షలు, మైనింగ్ లీజు, అటవీ, పర్యావరణ అనుమతులు ఉంటాయి, ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ కంపెనీకి గనుల రాబడి ఉండదు. డ్రిల్లింగ్ డబ్బు కోసం మళ్లీ మళ్లీ కొత్త షేర్లు జారీ చేస్తుంది, దాంతో పాతవాళ్ల వాటా పలచబడుతుంది. ఈ ముక్క మాత్రం ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించదు.

బెంగళూరుకు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని మండ్య జిల్లానే తీసుకోండి. అక్కడి మార్లగల్ల ప్రాంతంలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ 1,600 టన్నుల లిథియం వనరు గుర్తించింది. చేసింది ప్రభుత్వ సంస్థే అయినా, ఆ అంకె 'ఇన్‌ఫర్డ్' కోవలోది: కొద్దిపాటి నమూనాల మీద కట్టిన అంచనా. రిజర్వ్ కాదు.

బెంగళూరులోని మారతహళ్లి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే టిప్పుల్లో టన్నులను మార్కెట్ ధరతో గుణించి, అదే కంపెనీ విలువ అంటుంటారు. తవ్వకం ఖర్చు, శుద్ధిలో పోయే లోహం, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ ఆ లెక్కలో ఉండవు. షేరు పది రూపాయలే కాబట్టి చౌక అనుకోవడమూ పొరపాటే. ఆ షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తేనే కంపెనీకి మార్కెట్ కడుతున్న అసలు ధర తెలిసేది.