ఫ్రీగా దొరికే రాత్రికి అసలు ఖర్చెంత? మోజెల్ లోయలో కాంపర్‌వ్యాన్ లెక్క

ప్రశ్న: మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. నేను, మావారు, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. అక్టోబరు స్కూలు సెలవుల్లో కాంపర్‌వ్యాన్ (పడకలు, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుని మోజెల్ నది వెంట ద్రాక్షతోటల ఊళ్లు చూడాలని ఉంది. శనివారం నుంచి శనివారం దాకా ఏడు రాత్రులు. వ్యాన్ అద్దె రోజుకు 95 యూరోలు, సర్వీస్ చార్జీ 150, మొత్తం 815. అన్నీ కలిపి 1,500 దాటకూడదనుకున్నాం. మావారు వారమంతా ఒకే క్యాంపింగ్‌ప్లాట్జ్‌లో (సౌకర్యాలుండే క్యాంపింగ్ మైదానం) ఉందామంటున్నారు, కరెంటుతో సహా రాత్రికి 48. మా మరిదేమో "వదినా, వైన్ రైతుల దగ్గర ఫ్రీగా ఆపుకోవచ్చు. ఆ 336 యూరోలు ఎందుకు తగలేయడం?" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగం లెక్కే చెప్పాడు. మోజెల్ వెంట చాలామంది వైన్ రైతులు పెరట్లోనో తోట పక్కనో నాలుగైదు వ్యాన్లకు చోటిస్తారు. కొందరు పైసా తీసుకోరు, కొందరు పదో పన్నెండో యూరోలు తీసుకుంటారు. సాయంత్రం మీరు వాళ్ల బల్ల దగ్గర కూర్చుని తింటారని, వెళ్లేటప్పుడు ఒకటో రెండో సీసాలు కొంటారని వాళ్ల ఆశ. ఎక్కడా రాసిపెట్టిన షరతు కాదు గానీ, ఏమీ కొనకుండా తెల్లారి బండి తీస్తే మర్యాదగా ఉండదు. నలుగురి తిండి, ఒక సీసా కలిపి 50 యూరోలు వేసుకోండి. అదే పూట వ్యాన్‌లో వండుకుంటే సరుకులకు 15 అయ్యేది. అంటే ఆ ఉచిత రాత్రికి 35 యూరోలు పడినట్టు. ఏడు రాత్రులకు 245.

ఇక్కడితో అయిపోలేదు. ఇలాంటి చోట్ల మామూలుగా ఒక్క రాత్రే ఉండనిస్తారు, కాబట్టి రోజూ బండి కదలాలి. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున వారానికి 420. ఈ సైజు వ్యాన్ నూరు కిలోమీటర్లకు 11 లీటర్లు తాగుతుంది. డీజిల్ లీటరు 1.60 చొప్పున 74 యూరోలు. రైతుల పెరట్లో మురుగునీరు వదిలే చోటు, టాయిలెట్ ఖాళీ చేసే చోటు చాలాసార్లు ఉండవు. వాటి కోసం మూడుసార్లు ఇంకెక్కడికో వెళ్లాలి, దానికి ఇంకో 9. మొత్తం 328. మీవారి ప్లాన్ 336. ఉచితంగా ఉన్నందుకు వారానికి మీకు మిగిలేది ఎనిమిది యూరోలు!

అందుకే బోర్డు మీద రాసిన అద్దె చూసి చోటు ఎంచుకోవద్దు. చోటు అద్దె, కరెంటు, నీళ్లు, స్నానం, తలకింత అని ఊరివాళ్లు వేసే అతిథి పన్ను, అక్కడ కొనక తప్పనివి, తర్వాతి చోటికి పోవడానికయ్యే డీజిల్, ఇవన్నీ కలిపితేనే ఒక రాత్రి ఖర్చు తేలుతుంది. మధ్యలో ష్టెల్‌ప్లాట్జ్ అనే మూడో రకం ఉంది. మీవారూ, మీ మరిదీ ఇద్దరూ దాన్ని వదిలేశారు. ఊరి పంచాయతీయో ఎవరైనా ప్రైవేటు వాళ్లో నడిపే వ్యాన్ల పార్కింగ్ అది. నది ఒడ్డున గడ్డి మైదానం, కరెంటు స్తంభాలు, నీళ్ల కుళాయి, టాయిలెట్ ఖాళీ చేసే గుంట ఉంటాయి. అద్దె 13, కరెంటు 3, నీళ్లు 1, అతిథి పన్ను 3, రాత్రికి 20 యూరోలతో తేలిపోతుంది. ఊరిని బట్టి ఐదారు అటూ ఇటూ అవుతుంది.

నేనైతే మూడూ కలుపుతాను. శని, ఆదివారాలు క్యాంపింగ్‌ప్లాట్జ్. సోమ, మంగళ, బుధ ష్టెల్‌ప్లాట్జ్. గురువారం వైన్ రైతు దగ్గర. శుక్రవారం మళ్లీ క్యాంపింగ్‌ప్లాట్జ్. మూడు రాత్రులకు 144, మూడింటికి 60, గురువారం భోజనానికి అదనంగా 35, మధ్యలో 120 కిలోమీటర్ల డీజిల్‌కు 21. మొత్తం 260. ఏ రోజు ఎక్కడ అన్న వరుస కూడా ఊరికే వేసింది కాదు.

శనివారం వ్యాన్ చేతికిచ్చేసరికి మధ్యాహ్నం మూడో నాలుగో అవుతుంది. గ్యాస్, నీళ్లు, హీటరు ఎలా వాడాలో చూపించడానికి ఇంకో గంట. అక్టోబరు మధ్యలో ఆరున్నర దాటగానే చీకటి పడుతుంది. కొత్త బండి, చీకటి, పిల్లల ఆకలి, ఇవన్నీ నెత్తిన ఉండగా ఖాళీ చోటు కోసం నది వెంట వెతుక్కోవడం కుదరదు. ష్టెల్‌ప్లాట్జ్‌లలో ఎక్కువ వాటికి ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్లదే చోటు. సెలవుల్లో శుక్రవారం మధ్యాహ్నానికే నిండిపోతాయి. అందుకే వారాంతాలకు బుక్ చేసుకోగలిగే క్యాంపింగ్‌ప్లాట్జ్, వారం మధ్యలో ష్టెల్‌ప్లాట్జ్. మధ్యాహ్నం రెండు లోపు చేరితే నది వైపు చోటు కూడా దొరకొచ్చు. క్యాంపింగ్‌ప్లాట్జ్‌కు మాత్రం ఒంటిగంట నుంచి మూడు మధ్య వెళ్లకండి. మధ్యాహ్న విశ్రాంతి అని గేటు దించేస్తారు, బయట రోడ్డు మీద రెండు గంటలు కాపలా కాయాలి. సరుకులు శనివారమే తీసుకోండి, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి.

గురువారం వైన్ రైతు దగ్గర ఎందుకంటే, ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అనే వాళ్ల ఇంటి హోటళ్లు వారం మొదట్లో చాలావరకు మూసి ఉంటాయి. అవి ఏడాదిలో నాలుగు నెలలకు మించి నడపకూడదు, నలభై కుర్చీలకు మించి వేయకూడదు. లైసెన్సు లేకుండా సొంత వైన్, తేలికపాటి తిండి అమ్ముకోవడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. కాబట్టి ముందు ఫోన్ చేసి, ఆ రోజు తెరిచి ఉంటుందా, వ్యాన్‌కు చోటుందా అని రెండూ అడగండి. మీరు తాగేవాళ్లు కాకపోయినా ఇబ్బంది లేదు. చాలామంది రైతులు ద్రాక్షరసం కూడా సీసాల్లో అమ్ముతారు, పిల్లలకు అదే కొనండి. ఈ సీజన్‌లో ఉల్లిపాయ కేకు ప్రతిచోటా ఉంటుంది. శాకాహారులైతే అందులో పంది మాంసం ముక్కలు వేశారేమో అడిగి తీసుకోండి, చాలాచోట్ల వేస్తారు.

తాగేవాళ్లైతే, రైతు పెరట్లో గడిపే రాత్రి ఒక్కటే నిజంగా డబ్బు మిగిల్చేది. జర్మనీలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ కిలో రక్తానికి 0.5 గ్రాములు దాటితే మొదటిసారికే 500 యూరోల జరిమానా, డ్రైవింగ్ రికార్డులో రెండు పెనాల్టీ పాయింట్లు, నెలరోజులు లైసెన్సు బంద్. కొత్త లైసెన్సుతో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు సున్నా. రుచి చూసిన చోటి నుంచి పడుకునే చోటికి నడిచి వెళ్లగలగాలి. లైసెన్సు మాట వచ్చింది కాబట్టి: జర్మనీలో స్థిరపడిన ఆరు నెలల తర్వాత ఇండియా లైసెన్సు చెల్లదు. మీవారు జర్మన్ లైసెన్సు తీసుకోకపోతే ఈ లెక్కలన్నీ వృథా. జర్మన్ బి లైసెన్సు మీద 3,500 కిలోల వ్యాన్ దాకా నడపొచ్చు. ఆ బరువులో నీళ్లు, మనుషులు, సామాను అన్నీ లెక్కే. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. పన్నెండు వైన్ సీసాల పెట్టె పదిహేను కిలోలు. చుట్టాలందరికీ కొనాలనుకుంటే పార్సిల్ పంపమని రైతునే అడగండి.

వరుసగా ఎన్ని రాత్రులు సౌకర్యాల్లేని చోట ఉండొచ్చో మీ పర్సు కాదు, ట్యాంకులు తేలుస్తాయి. మంచినీళ్లు సుమారు 100 లీటర్లు, టాయిలెట్ క్యాసెట్ (బయటికి తీసి ఖాళీ చేసే పెట్టె) 17 నుంచి 20 లీటర్లు. నలుగురికి రెండు రోజులు వస్తే గొప్ప. మన వంటతో మురుగు ట్యాంకు ఇంకా తొందరగా కంపు కొడుతుంది. గంజి, పప్పు కడిగిన నీళ్లు, నూనె జిడ్డు అన్నీ అందులోనే నిలవుంటాయి. గిన్నెలు, పళ్లేలు కాగితంతో శుభ్రంగా తుడిచాకే కడగండి. పోపు వ్యాన్ లోపల వద్దు. ఇంగువ, ఎండుమిర్చి వాసన సీట్ల గుడ్డకు పడితే వారంలో పోదు, బండి వెనక్కిచ్చేటప్పుడు క్లీనింగ్ చార్జీ పడుతుంది. పోపు ఇంట్లోనే వేయించి చిన్న డబ్బాలో తెచ్చుకోండి. క్యాంపింగ్‌ప్లాట్జ్‌లో బయట బల్ల వేసి వండుకోవచ్చు. ష్టెల్‌ప్లాట్జ్‌లు చాలావాటిలో కుర్చీలు, పందిరి వేయనివ్వరు. బోర్డు చదివాకే బయటికి తీయండి.

ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్దామనే ఆలోచన ఉంటే ముందు స్తంభం మీద ఎన్ని ఆంపియర్లో చూడండి. చాలాచోట్ల 6 ఆంపియర్లే. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. ఇండక్షన్ 2,000, కరెంటు కెటిల్ 2,200. పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు పెట్టెకు తాళం ఉంటే రాత్రి పదింటికి యజమానిని నిద్రలేపాలి, కొందరు దానికీ డబ్బు అడుగుతారు. 700 వాట్ల రైస్ కుక్కర్ బాగానే నడుస్తుంది, అయితే అది నడుస్తున్నప్పుడు వ్యాన్‌లో కరెంటుతో నడిచే మరో హీటరు వేయొద్దు. మిగతా వంట గ్యాస్ మీద చేయండి. కేబుల్ చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్ట మీద ఉండగా లోడు పడితే వేడెక్కి కరుగుతుంది. జేబులో ఒక్కో యూరో, యాభై సెంట్ల నాణేలు పది పదిహేను పెట్టుకోండి. కరెంటు, నీళ్ల మిషన్లు చాలావాటికి కార్డు పనికిరాదు.

మొదటి రెండు రాత్రులకు కోఖెమ్‌లోనో ఎడిగర్-ఎల్లర్‌లోనో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే చోటు చూసుకోండి. కోబ్లెంజ్ నుంచి బుల్లాయ్ దాకా రైలు చాలావరకు నది వెంటే పోతుంది, కోఖెమ్, ఎల్లర్ మధ్య మాత్రం నది మలుపును వదిలేసి సొరంగంలోంచి వెళ్తుంది. ఆ తర్వాత నదిని వదిలి పక్కకు తిరుగుతుంది. డాయిచ్‌లాండ్‌టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాసు) ఉంటే ప్రాంతీయ రైళ్లు అందులోనే వస్తాయి, ఆరేళ్లలోపు పాపకు టికెట్ అక్కర్లేదు. ఆదివారం బండి కదపకుండా ఊళ్లు చూడొచ్చు. చిక్కల్లా రాత్రి గూడ్సు రైళ్లు. పట్టాల పక్కన కాకుండా ఒక వీధి లోపల చోటు అడగండి. నది వెంట బి49, బి53 రోడ్ల పక్కనుండే ష్టెల్‌ప్లాట్జ్‌లకూ ఇదే మాట. తరువాత బెర్న్‌కాస్టెల్-కూస్, ట్రాబెన్-ట్రార్‌బాఖ్ వైపు వెళ్లండి. ద్రాక్షకోతల రోజులు కాబట్టి తోటల మధ్య దారుల్లో మాత్రం ఆపకండి, తెల్లవారుజామునే ట్రాక్టర్లు వస్తాయి. నది పొంగితే ఒడ్డు మైదానాలు ఖాళీ చేయిస్తారు. నెలాఖరుకు చాలా చోట్లు ఆ ఏటికి మూసేస్తారు. కాబట్టి సెలవుల్లో చివరి వారం అయితే తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

మీ ఉత్తరంలో లేనిది డిపాజిట్. 1,000 నుంచి 1,500 యూరోలు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు, గిరోకార్డు (జర్మన్ బ్యాంకు కార్డు) ఒప్పుకోని కంపెనీలు చాలా ఉన్నాయి. కార్డు లిమిట్ 2,000 అయి, 1,500 బ్లాక్ చేస్తే సెలవులంతా మీ దగ్గర మిగిలేది 500. ఇంకో సంగతి, చాలా కాంట్రాక్టుల్లో, బండికి నష్టం జరిగితే మీరు సొంతంగా కట్టాల్సిన వాటా ఒక్కో నష్టానికి విడివిడిగా లెక్క. ఉదయం అద్దం, సాయంత్రం పైకప్పు పోతే రెండుసార్లు కట్టాలి. పాత ఊళ్ల సందుల్లో ఇళ్ల పై అంతస్తులు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, మీ వ్యాన్ ఎత్తు మూడు మీటర్ల దగ్గర ఉంటుంది. కారు నావిగేషన్ నేరుగా ఆ సందులోకే తీసుకెళ్తుంది. నష్టంలో మీ వాటాను కవర్ చేసే పాలసీలు విడిగా అమ్ముతారు. పైకప్పు దెబ్బ అందులో ఉంటేనే కొనండి.

ఇక బడ్జెట్. వ్యాన్ 815, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాకపోకల 320 కిలోమీటర్ల డీజిల్ 56, రాత్రులకు 260, వారం సరుకులు 210. మొత్తం 1,341. మిగిలే 159లోనే ఆ పాలసీ, ఒక పడవ షికారు సరిపోవాలి. డిపాజిట్‌కు సరిపడా సొమ్ము మాత్రం ఈ 1,500లో కలపకుండా పొదుపు ఖాతాలో విడిగా ఉంచండి.

శుక్రవారం రాత్రి క్యాంపింగ్‌ప్లాట్జ్‌లోనే క్యాసెట్, మురుగు ట్యాంకు ఖాళీ చేసి కడిగేయండి. క్యాసెట్ అలాగే ఇస్తే వంద యూరోలకు పైగా కోసుకునే కంపెనీలు ఉన్నాయి. వెళ్లేటప్పుడూ తిరిగి ఇచ్చేటప్పుడూ బండి నాలుగు వైపులా, పైకప్పు, డీజిల్ ముల్లు ఫోటోలు తీయండి. ఇంటికి ఫేడర్‌వైసర్ సీసా తెచ్చుకుంటే, అది ఇంకా పులుస్తున్న వైన్, మూత గట్టిగా బిగించరు. పడుకోబెడితే వ్యాన్ నేలంతా కారిపోతుంది, ఆ కడిగే ఖర్చూ మీదే. సింకులో నిలబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కండి.