ఆరేళ్లుగా కదలని పాత మారుతి 800ని మళ్లీ స్టార్ట్ చేయడం ఎలా?

తిరుపతిలో ఇంటి ముందు ఆరేళ్లుగా ఆగిపోయిన, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800లో కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేయొచ్చా అని అడిగారు. దయచేసి అలా చేయకండి. నిలవున్న పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి మిగిలింది జిగురులా మారుతుంది, అందులో ఇథనాల్ కలిసి ఉంటే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, ఆ నీటికి ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఇంజిన్ తిప్పగానే ఆ చెత్తంతా కార్బురేటర్ వైపే పోతుంది.

ముందు బ్యాటరీ వైరు తీసేసి, ఆరుబయట పాత పెట్రోలంతా తీయించండి. ట్యాంకులో తుప్పు పొరలుగా ఊడుతుంటే మార్చడమే మేలు. రబ్బరు పైపులు, ఫిల్టర్ బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ ఉన్న పెట్రోలు కాబట్టి దాన్ని తట్టుకునే పైపులే అడగండి. చిత్తూరులో మా మామయ్య కారుకు పైపులు మార్చకుండా వదిలేశాం, రెండో రోజే వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారుతూ కనిపించింది, ఆ భయం నాకు ఇంకా పోలేదు.

కార్బురేటర్ విప్పి జెట్లను, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలున్న భాగాలను, క్లీనర్‌తో కడిగి గాలి కొట్టించాలి. తీగ పెట్టి పొడవనివ్వొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపులోని డయాఫ్రం (పలుచటి పొర) బాగుందో లేదో కూడా చూడండి. ఆ తర్వాత 5 లీటర్ల కొత్త పెట్రోలు పోసి, బ్యాటరీ వైరు తిరిగి పెట్టి స్టార్ట్ చేసి, ప్రతి జాయింటు దగ్గరా లీకు లేదని చూశాకే రోడ్డెక్కించండి.