చిన్నాకు, జలపాతాలకి బయల్దేరే ముందు

చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వడిగింది రాత్రంతా నా మనసులోనే మెదిలింది. "అత్తా, ఈస్టర్ సెలవులకి కారు అద్దెకి తీసుకుంటున్నాం. ఒక్కరోజులో ఎన్ని వాటర్‌ఫాల్స్ కవర్ చెయ్యొచ్చు?" అన్నావు. పొయ్యి మీద కూర ఉంది కాబట్టి అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను ఇంగ్లండ్‌లో ఈ లీడ్స్‌కి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఇక్కడి కొండలూ లోయల ప్రాంతం, యార్క్‌షైర్ డేల్స్‌లో, నేనూ మీ మావయ్యా తిరగని లోయలు చాలా తక్కువ.

నా జవాబు, ఒక్కటి. రోజుకి ఒక్క లోయ, అంతే. మాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కానీ ఆ రోడ్లకి రెండు వైపులా రాతి గోడలే. మధ్యలో ట్రాక్టరు ఎదురొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. నాలుగు జలపాతాలు పెట్టుకున్నారంటే రోజంతా కారులోనే గడుస్తుంది, పార్కింగ్ వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఇంకోటి ముందే చెప్తున్నాను. ఎత్తు చూద్దామని వెళ్ళకు. నేల మీద ఒకే దూకుడుగా పడే జలపాతాల్లో ఇంగ్లండ్ మొత్తానికి ఎత్తైనది హార్డ్‌రా ఫోర్స్. అది సుమారు వంద అడుగులు. మన కుంతాల దాని కంటే పెద్దది. ఇక్కడి అందం ఎత్తులో లేదు. అక్కడిదాకా నడిచి వెళ్తావు చూడు, గొర్రెల మధ్యనుంచి, వాగు పక్కనుంచి, అందులో ఉంది. ఫోర్స్ అంటే బలం అనుకునేవు. వెయ్యేళ్ళ క్రితం ఇక్కడ స్థిరపడ్డ వైకింగుల మాట అది, జలపాతం అని అర్థం. లోయని డేల్ అనడం, వాగుని బెక్ అనడం కూడా వాళ్ళ నుంచి వచ్చినవే. ఆ మూడు మాటలు తెలిస్తే మాప్ సగం అర్థమవుతుంది.

మొదటిసారి మాలమ్ అనే ఊరికి వెళ్ళండి. రాయడం మాల్హమ్ అని రాసినా పలికేది మాలమ్. కారు మానేసినా పరవాలేదు. లీడ్స్ నుంచి స్కిప్టన్‌కి రైల్లో ముప్పావుగంట పడుతుంది, అక్కణ్ణుంచి బస్సు ఉంది. బస్సులు మాత్రం రోజుకి కొన్నే. తిరుగు బస్సు టైం బయల్దేరే ముందే కాగితం మీద రాసి జేబులో పెట్టుకో.

ఊళ్ళోంచి పొలాల మీదుగా వెళ్తే అడవి లాంటి చిన్న లోయ వస్తుంది. ఏప్రిల్‌లో అక్కడ అడుగు పెట్టగానే వెల్లుల్లి పోపు పెట్టిన వాసన వస్తుంది. నేలంతా అడవి వెల్లుల్లి ఆకే. ఆ దారి చివర జానెట్స్ ఫాస్ ఉంటుంది. మనిషికి రెండు మూడింతల ఎత్తు ఉంటుందేమో, అంతే. నీళ్ళలో కరిగిన సున్నం నాచు మీద ఏళ్ళ తరబడి పేరుకుని, ఆరిన సున్నపు పూతలాగా గుండ్రంగా తయారైంది. దాని మీంచి నీళ్ళు పలచగా జారుతుంటాయి. వెనక గుహలో జానెట్ అనే దేవకన్యల రాణి ఉండేదని ఇక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. కింద మడుగులో ఒకప్పుడు ఉన్ని కత్తిరించే ముందు గొర్రెల్ని కడిగేవారట. దారిలో పడిపోయిన చెట్టు మొద్దులు కనిపిస్తాయి, వాటి నిండా నాణేలు దిగేసి ఉంటాయి. దగ్గరికెళ్ళి చూడు. రాళ్ళతో కొట్టి కొట్టి అంచులు వంగిపోయాయి, రాగి పచ్చబడి చెట్టు బెరడులో కలిసిపోయింది. నువ్వు మాత్రం కొట్టకు, ఉన్నవి చాలు.

అక్కడే ఒక అరగంట కూర్చోండి. ఫోటో తీసుకుని పరిగెత్తకండి.

తర్వాత గోర్డేల్ స్కార్. రెండు వైపులా సున్నపురాతి గోడలు మీదికి వాలి వచ్చేస్తాయి, లోపల నీళ్ళు దూకుతుంటాయి. ఆ జలపాతం పక్కనే రాయి పట్టుకుని పైకి ఎక్కేస్తుంటారు కొందరు. మీరు ఎక్కొద్దు. చూసి వెనక్కి వచ్చి, పొలాల దారిలో మాలమ్ కోవ్‌కి నడవండి.

ఆ కోవ్ గురించి నేను ఎంత చెప్పినా తనివి తీరదు. సుమారు 80 మీటర్ల తెల్లని రాతి గోడ, అర్ధచంద్రాకారంలో ఉంటుంది. మంచు యుగం చివర్లో కరిగిన నీళ్ళు దాని మీంచి దూకేవి, అంటే అదొక నీళ్ళు లేని జలపాతం. ఇప్పుడా నీళ్ళేమయ్యాయంటావా? సున్నపురాతికి ఎక్కడ చూసినా పగుళ్ళే కాబట్టి ఏరు భూమిలోకి దిగిపోయింది. పైన మాలమ్ టార్న్ అనే సరస్సు నుంచి వచ్చే వాగు కొంత దూరం పారి, చూస్తుండగానే గడ్డిలో ఇంకిపోతుంది. కోవ్ అడుగున ఒక వాగు బయటికొస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం సహజం. నీళ్ళలో రంగు కలిపి పరీక్షిస్తే తేలిందేమిటంటే, సరస్సు నీళ్ళు ఊరు దాటాక కిందెక్కడో పైకొస్తున్నాయి, కోవ్ కింద వచ్చేవి వేరే చోట ఇంకినవి. భూమిలోపల ఒకదాన్నొకటి దాటుకుని వెళ్తున్నాయన్నమాట. 2015 డిసెంబరు 6న, డెస్మండ్ తుపాను వానలకి లోపలి దారులు పట్టక, కోవ్ మీంచి మళ్ళీ నీళ్ళు దూకాయి. బతికున్నవాళ్ళెవరూ అంతకు ముందు చూసి ఎరుగరు. మీ మావయ్య టీవీలో ఆ దృశ్యం చూసి లేచి నిలబడ్డారు.

పక్కన మెట్లు ఉన్నాయి, నాలుగు వందల దాకా. పైన రాతి పలకలు పరిచినట్టుంటాయి, వాటి మధ్య లోతైన సందులు. ఆ సందుల్లో ఫెర్న్ మొక్కలు పెరుగుతాయి. ఫోన్ చూసుకుంటూ నడిస్తే కాలు సందులో ఇరుక్కుని విరుగుతుంది. గోడ మీద బైరి డేగలు గూడు పెడతాయి, అరుపు వినిపిస్తే తలెత్తి చూడు.

ఎప్పుడు వెళ్ళాలన్నావు కదా. వాన పడిన మర్నాడు. మనకి ఎండ కాస్తే బయటికి వెళ్దామనిపిస్తుంది, కానీ పది రోజులు ఎండ కాస్తే ఇక్కడి జలపాతాలు సన్నటి ధారలైపోతాయి. వాన వెలిసిన మర్నాడు చూడాలి. పైన, కుళ్ళిన మొక్కలు పేరుకుని తయారైన పీట్ నేలల్లోంచి దిగే నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయి, మీద తెల్లటి నురగ ఉంటుంది. మురికి అనుకోకు, ఆ నేల రంగే అది. అలాగని తాగకు. కుండపోతగా కురుస్తుంటే మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉండు, వాగులు గంటలో పొంగుతాయి.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఉత్తరం మొదలుపెట్టాను. నీళ్ళలోకి దిగొద్దు. మోకాలు దాకా అయినా సరే, ఫోటో కోసమైనా సరే. గోదావరిలో ఈత నేర్చుకున్నానని నువ్వంటావని తెలుసు. ఈతకీ దీనికీ సంబంధం లేదు. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా పడితే మనిషి ప్రమేయం లేకుండానే నోరు తెరిచి గట్టిగా ఊపిరి లాగేస్తాడు. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉందంటే అంతే. ఏప్రిల్‌లో ఇక్కడి ఏర్లు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. పొరపాటున ఎవరైనా పడితే కొట్టుకోకుండా వెల్లకిలా తేలాలి, చెవులు నీళ్ళలో ఉంచి, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంట దూకకూడదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో, లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర, మన ఆంధ్రా పిల్లలిద్దరు చనిపోయారు. నీలాగే చదువుకోవడానికి వచ్చినవాళ్ళే, స్నేహితులతో సరదాగా వెళ్ళినవాళ్ళే. ఆ వార్త చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు.

డేల్స్‌లోనే బోల్టన్ ఆబీ అనే ఊరి దగ్గర వార్ఫ్ నదిలో స్ట్రిడ్ అని ఒక చోటుంది. వెడల్పుగా వచ్చే నది అక్కడ రెండు మీటర్ల సందులోకి దూరుతుంది. ఒక్క అంగలో దాటొచ్చనిపిస్తుంది. రాళ్ళ అడుగున నీళ్ళు తొలిచేసిన గుహలున్నాయి, పడ్డవాళ్ళు పైకి రావడం లేదు. ఆ ఒడ్డుకి వెళ్ళినప్పుడు రాళ్ళ మీదికి వెళ్ళకుండా దూరం నుంచే చూడండి.

నీళ్ళ తర్వాత రాయి. 1987లో ఇంగిల్టన్ అనే ఊరికి వెళ్ళాం. అక్కడ రెండు వాగుల వెంట ఏడు కిలోమీటర్ల చుట్టు దారి ఉంటుంది, టికెట్టు పెట్టి లోపలికి పంపుతారు. 1885 నుంచీ ఉన్న దారి అది. వరసగా అన్ని జలపాతాలు ఒకే నడకలో చూడాలంటే అదే. మీ మావయ్య ఆఫీసు బూట్లతో వచ్చారు. థార్న్‌టన్ ఫోర్స్ కింద ఒక నల్లటి పలక ఉంది. పొడిగానే కనిపించింది, గోరుతో గీస్తే తప్ప కనపడనంత పలచటి నాచు దాని మీద. కాలు పెట్టడం, పడటం ఒక్కసారే. ఆయన చీలమండ నిమ్మకాయంత వాచింది. అటుగా వెళ్తున్న ఇద్దరు ముసలివాళ్ళు చెరో భుజం పట్టుకుని, మధ్యమధ్య నిమ్మ పిప్పర్‌మెంట్లు ఇస్తూ, రెండు గంటలు నడిపించి తీసుకొచ్చారు. పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. అందుకే చెప్తున్నా, అడుగున గరుకుగా పట్టుండే నడక బూట్లు కొనుక్కో. డబ్బు ఖర్చు చేస్తే దాని మీదే చెయ్యి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. గొడుగు వద్దు, గాలికి తిరగబడుతుంది. వాన ఆగే కోటు చాలు.

ఫోన్‌ని నమ్ముకోకు. లోయల్లో సిగ్నల్ ఉండదు. ఓఎల్ 2 అనే నారింజ రంగు అట్ట మాప్ నా దగ్గరుంది, మాలమ్, ఇంగిల్టన్ రెండూ అందులో ఉన్నాయి, ఇస్తాను. ఏదైనా జరిగితే 999 చేసి పోలీసుని అడుగు, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు. వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు, డబ్బు తీసుకోరు.

పొలాల్లో గేటు ఎలా ఉంటే అలాగే వదిలెయ్యండి. మూసుంటే మూసెయ్యాలి, తీసుంటే తీసే ఉంచాలి. ఈస్టర్‌కి గొర్రెపిల్లలు పుట్టి ఉంటాయి, ఎత్తుకుని ఫోటో దిగాలని మీలో ఎవరికో ఒకరికి అనిపిస్తుంది. వద్దు, తల్లి బెదిరిపోతుంది. దూడలున్న ఆవులు కనిపిస్తే దూరంగా చుట్టు తిరిగి వెళ్ళండి. మనూరి ఆవుల్లా ఊరుకోవు.

హార్డ్‌రా ఇంకోసారి, మే నెలలో, నేనే తీసుకెళ్తాను. లీడ్స్ నుంచి సెటిల్ మీదుగా వెళ్ళే రైలెక్కి, ఇరవైనాలుగు కమానుల రిబుల్‌హెడ్ వంతెన దాటి గార్స్‌డేల్‌లో దిగితే, లిటిల్ వైట్ బస్ హాస్ ఊరికి చేరుస్తుంది. అక్కడి వెన్స్‌లీడేల్ చీజ్ నీకు నచ్చుతుంది, పెద్ద వాసనుండదు. పొలాల మధ్య మైలున్నర నడిస్తే జలపాతం. నీటి తెర వెనక్కి వెళ్ళాలనిపిస్తుంది కానీ పైనుంచి రాళ్ళు రాలతాయి, ముందు నుంచే చూద్దాం.

శనివారం సాయంత్రం ఇంటికి రా. మాప్, థర్మాస్ ఫ్లాస్కు, మావయ్య కోటు తీసి పెడతాను. నలుగురికీ పులిహోర కట్టిస్తాను, డబ్బాలు మాత్రం తిరిగి తేవాలి. ఆదివారం ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాసి నా ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళు. స్కిప్టన్‌లో రైలెక్కగానే ఫోన్ చెయ్యి, ఆ ఫోన్ వచ్చాకే నేను అన్నం తింటాను.

మీ అత్త