చిన్న తెరేజమ్మ బాట మా పొగాకు షెడ్డులో ఎలా పనికొచ్చిందంటే

మీరు అడిగింది ఇది కదా: ఫ్రాన్స్‌లో లిసియూ ఊరి మఠంలో ఉన్న పునీతురాలు చిన్న తెరేజమ్మ గారి గురించి చదివారు, బాగుంది, కానీ నాలుగు గోడల మఠంలో ఉన్న ఆమెని చూసి సంసారం, పిల్లలు, అప్పులు ఉన్నవాళ్ళం ఏం నేర్చుకోవాలి, చిన్న చిన్న విషయాల్ని ప్రేమతో ఓర్చుకుంటూ చేసుకుపోవడమనే ఆమె బాటలో నిజంగా నడిచినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని. నడిచానని చెప్పను. ప్రయత్నం చేశాను, రెండు మూడుసార్లు బోర్లా పడ్డాను. ఆ పడటం గురించి అయితే బాగా చెప్పగలను.

మాది కందుకూరు పక్కన పల్లెటూరు. (1970కి ముందు నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, ఇలా జిల్లాలు మారుతూనే ఉన్నాయి. ఊరు ఉన్నచోటే ఉంది, అడ్రసు రాయాల్సి వస్తేనే మాకు తడబాటు.) అత్తగారింట్లో పొగాకు సాగు, ఒక బ్యారన్ (పచ్చాకుని వేడి మీద ఆరబెట్టే కొట్టం) ఉంది. ఊళ్ళో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చి చిన్నది, ఫాదర్ గారు రెండు వారాలకోసారి పూజకి వస్తారు, మిగతా ఆదివారాలు ఉపదేశి గారే ప్రార్థన నడిపిస్తారు. నేను సిస్టర్ల హాస్టల్లో చదువుకున్నదాన్ని. పదో తరగతి అయిపోయి వచ్చేసే రోజు ఒక సిస్టర్ గారు నా చేతిలో చిన్న పటం పెట్టారు, సిలువా గులాబీలూ పట్టుకున్న తెరేజమ్మ గారిది. అది నా జపమాల డబ్బాలో పదేళ్ళు ఊరికే పడి ఉంది.

ఇక పెద్దత్త సంగతి. మా ఆయన పెదనాన్న గారి భార్య. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. గ్రేడింగ్ రోజుల్లో అందరం ఒకే షెడ్డులో కూర్చుంటాం. బ్యారన్లో కాల్చిన ఆకుని మండెలోంచి (కుప్పలోంచి) తీసి రంగు చూసుకుంటూ బ్రైట్ ఒక పక్క, మీడియం ఒక పక్క, లోగ్రేడ్ ఒక పక్క వేయాలి. తెల్లారి కూర్చుంటే మధ్యాహ్నానికి వేళ్ళకి జిగురు పడుతుంది, చెయ్యి ఎన్నిసార్లు కడిగినా అన్నం ముద్ద చేదుగానే ఉంటుంది. ఆ షెడ్డులో పెద్దత్త నా ఎదురుగా కూర్చుని ఆకు తీసిన ప్రతిసారీ నా వైపుకే దులుపుతుంది. కావాలని చేస్తుందో అలవాటో ఇప్పటికీ నాకు తెలీదు. పైగా క్షణానికోసారి గొంతు సవరించుకుంటుంది. రాత్రి జపమాలకి కూర్చున్నా అదే, మంగళవార్త జపం సగంలో ఉండగా ఖుం అని ఒకటి, అది ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూస్తూ కూర్చోవడం, ఆఖరికి ఎన్ని పూసలు తిప్పానో నాకే గుర్తుండేది కాదు.

ఆ ఏడు తపస్సుకాలం (ఈస్టర్ ముందు నలభై రోజులు) సరిగ్గా గ్రేడింగ్‌లోనే వచ్చింది. ఫాదర్ గారు ప్రసంగంలో తెరేజమ్మ గారు బట్టలుతికిన కథ చెప్పారు. ఎదురుగా ఉన్న సిస్టర్ ఒకామె గుడ్డ బాదుతుంటే ఆ మురికి నీళ్ళు ఈమె మొహాన పడుతున్నాయట. మొహం తుడుచుకుంటే ఆమెకి అర్థమవుతుంది కదా, కొంచెం జాగ్రత్తపడుతుంది కదా అని ముందు అనిపించిందట, తర్వాత తుడుచుకోకుండా అలాగే ఉతుక్కుంటూ కూర్చుందట. నేను చర్చిలో చాప మీద కూర్చుని, ఇదేంది, నా కథ ఈయనకెవరు చెప్పారు అనుకున్నా.

పూజ అయ్యాక ఫాదర్ గారిని అడిగి ఆమె రాసుకున్న జీవితకథ తెచ్చుకుని చదివా. అందులో నాకు పట్టిందల్లా పెద్ద దర్శనాలు కాదు, ఇలాంటి చిల్లర విషయాలే. ధ్యానంలో ఆమె వెనక కూర్చునే సిస్టర్ ఒకావిడ రెండు గవ్వలు ఒకదానికొకటి రాసినట్టు ఏదో చప్పుడు చేసేదట. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగిపోతుంది, అయినా తిరగలేదు, ఆపుకోలేక చెమటలు పట్టేవట. చివరికి ఆ చప్పుడునే ఒక సంగీతంలా వింటూ దాన్నే దేవుడికి అర్పించుకుందట. 1873లో పుట్టి, 15 ఏళ్ళకి కార్మెల్ మఠంలో చేరి, 24 ఏళ్ళకి క్షయతో చనిపోయిన పిల్ల. చేరాక మఠం గడప దాటని ఆ పిల్లనే 1927లో వేదప్రచారానికి పాలక పునీతురాలిని చేశారు, 1997లో తిరుసభకి పాఠం చెప్పగల పండితురాలని ప్రకటించారు. గవ్వల చప్పుడు ఓర్చుకున్నందుకా ఇదంతా అని మొదట్లో నాకు నవ్వొచ్చింది కూడా. పెద్దత్త ఎదురుగా ఒక వారం కూర్చుని చూశాక నవ్వు పోయింది.

సరే, మొదలుపెట్టా. దుమ్ము పడితే తుడుచుకోను, చోటు మారను, గొంతు సవరిస్తే తల ఎత్తి చూడను. ఇక్కడే మొదటి తప్పు చేశా. తెరేజమ్మ గారు చిన్నపిల్లగా ఉన్నప్పుడు తాను చేసిన చిన్న చిన్న త్యాగాలు లెక్కపెట్టుకోవడానికి పూసల దండ వాడేదని చదివి, నేను బేలు (పొగాకు మూట) కట్టే పురికొస ముక్క ఒకటి తీసుకుని ఓర్చుకున్న ప్రతిసారీ ఒక ముడి వేశా. వారానికి 31 ముళ్ళు. ఆదివారం రాత్రి మా ఆయనకి చూపించా, మెచ్చుకుంటాడనుకుని. ఆయన ఆ పురికొసని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు ఓర్చుకున్నవి సరే, ఆమె నిన్ను ఓర్చుకున్నవి ఏ తాడుకి కట్టాలి?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో కాన్పు అప్పుడు నాకు బీపీ పెరిగి మంచం దిగొద్దంటే మూడు నెలలు బోరింగు నుంచి నీళ్ళు మోసింది పెద్దత్తే. కొత్తగా వచ్చినప్పుడు నాకు ఆకు రంగు తెలియక బ్రైట్‌లో లోగ్రేడ్ కలిపేస్తే ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఏరి సర్దింది కూడా ఆమే. అవేవీ ఆమె ముడి వేసుకోలేదు. తెల్లారి ఆ పురికొసతోనే ఒక బేలు కుట్టేశా.

అప్పటి నుంచి లెక్క మానేశా. మీరూ మొదలుపెడితే డైరీలో టిక్కులు పెట్టకండి, వాట్సాప్ స్టేటస్ అసలే వద్దు. ఎవరితో మీకు చిరాకో ఆ ఒక్క మనిషిని పట్టుకోండి, వాళ్ళకి తెలియకుండా ఒక పని చేయండి, అదీ ప్రేమ పుట్టాక చేద్దాంలే అని ఆగకుండా. తెరేజమ్మ గారికి కూడా ఒక సిస్టర్ అంటే అసలు పడేది కాదు, ఆమె ఎదురైనప్పుడల్లా నవ్వుతూ పలకరించేది, చివరికి ఆ సిస్టరే వచ్చి నాలో నీకు అంత నచ్చిందేంటని అడిగిందట! నన్నయితే పెద్దత్త ఎప్పుడూ అడగలేదు. నాకు ఆమె మీద చిరాకు ఇప్పటికీ పోలేదు కూడా, ఉన్నదున్నట్టు చెబుతున్నా.

ఇంకోటి చెప్పకపోతే ఈ జవాబు ప్రమాదం. ఈ బాటని ఆడవాళ్ళ నోరు మూయించడానికి వాడతారు. మా గ్రేడింగ్ అయిపోయాక పక్క ఊళ్ళో ఒక రైతు షెడ్డుకి కూలికి వెళ్ళాం. వేలంలో తన బేళ్ళు నోబిడ్ అయ్యాయని మాకు రోజుకి 20 రూపాయలు కోసేశాడు. నోబిడ్ కష్టం నాకు తెలుసు, మాకూ అయ్యాయి, కొనేవాడు లేక బేలు ఇంటికి తిరిగొస్తే శవాన్ని దించినట్టే ఉంటుంది. కానీ మా చేతులు చేసిన పని చేసినట్టే ఉంది కదా. నేను అడుగుతానంటే మా చర్చికొచ్చే ఒక పెద్దావిడ, "తెరేజమ్మ పటం పెట్టుకుని తిరుగుతావు, ఆమాత్రం ఓర్చుకోలేవా" అంది.

అప్పుడు నాకు రోము కథ గుర్తొచ్చింది. 1887 నవంబరు 20న తెరేజమ్మ గారు యాత్రికులతో కలిసి 13వ లియో పోపు గారి దర్శనానికి వెళ్ళింది. ఎవరూ పోపు గారితో మాట్లాడకూడదని ముందే గట్టిగా చెప్పారు. ఆమెకి 14 ఏళ్ళు. మోకరించి, ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నన్ను 15 ఏళ్ళకే మఠంలో చేరనివ్వండి అని అడిగేసింది. లేవమంటే లేవలేదు, కాపలావాళ్ళు లేపి పక్కకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆమె ఏంది, నోరు లేని మనిషా? మొహాన పడిన నీళ్ళు ఓర్చుకుంది, అడగాల్సిన చోట పోపు గారినే అడిగింది. నేనూ వెళ్ళి అడిగా, గొంతు పెంచకుండా, నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని. తర్వాతి వారం నుంచి పూర్తి కూలి ఇచ్చాడు. కోసిన పాత డబ్బులు మాత్రం ఇప్పటికీ రాలేదు.

ప్రార్థన కుదరడం లేదని మీరు చివర్లో రాశారు. గ్రేడింగ్ రోజుల్లో నాకు జపమాల అయిదు భాగాల్లో, అంటే రహస్యాల్లో, రెండోది దాటేసరికి కళ్ళు మూతలు పడతాయి. తెరేజమ్మ గారే ధ్యానంలో నిద్రపోయేది. పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకి ముద్దే కదా అనుకుని బాధపడటం మానేసిందట. నేనూ మానేశా. అయితే మాకు నోబిడ్ అయిన ఏడు నిద్ర కాదు, అసలు దేవుడు ఉన్నాడా అనిపించేది. బ్యాంకు వడ్డీ, ఫీజులు, అన్నీ ఒకేసారి టెన్షన్. చర్చికి వెళ్తే గోడలు కనపడేవి, అంతే. 1896లో మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ముందు రాత్రి తెరేజమ్మ గారికి మొదటిసారి నోట్లోంచి రక్తం పడింది, ఆ పాస్కా (ఈస్టర్) రోజుల నుంచి 1897 సెప్టెంబరు 30న చనిపోయే దాకా పరలోకం ఉందా అనే చీకట్లోనే ఉంది. ఆ పేజీలు చదివాక నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. తోడు మాత్రం దొరికింది. నమ్మకం అనిపించని రోజున కూడా సాయంత్రం దీపం పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టేదాన్ని.

ఇప్పుడు పెద్దత్తకి కళ్ళు సరిగ్గా ఆనవు, మోకాళ్ళు పోయాయి. ఆదివారం చర్చికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. మఠంలో ముసలి సిస్టర్ సెయింట్ పియెర్‌ని తెరేజమ్మ గారు ఇలాగే భోజనశాలకి నడిపించేదట, తొందరగా నడిస్తే పడేస్తావంటుంది, నెమ్మదిగా నడిస్తే నీ చెయ్యి తగలట్లేదు వదిలేశావా అంటుంది. కూర్చోబెట్టాక ఆమెకి రొట్టె కోసుకోవడం కష్టమవుతోందని గమనించి, అడగకుండానే కోసిపెట్టి, ఒక నవ్వు నవ్వి వెళ్ళేదట. అందుకే నేను పెద్దత్తని చాప మీద కూర్చోబెట్టాక జపమాల విప్పి మొదటి పూస ఆమె వేళ్ళ మధ్య పెట్టి వస్తా.

మొన్న ఆదివారం దారిలో వాన తుంపర మొదలైతే రెండడుగులు వడిగా వేశా.

"ఏందమ్మే, నన్ను ఇక్కడే పడేసి పోదామనా?" అంది.

"లేదు పెద్దత్తా, తడుస్తావని."

"తడిస్తే తడిసిందిలే, నువ్వు నిదానంగా నడువు," అని ఖుం అని గొంతు సవరించుకుంది.